గతాన్ని గుర్తుంచుకునే ద్రవాలు!

కంటి ఆపరేషన్లో వాడే జెల్, ప్లాస్టిక్ పైపు, కోడిగుడ్డు తెల్లసొన... వీటన్నిటికీ ఓ పోలిక ఉంది. ఇవి ఎలా ప్రవహిస్తాయో లెక్కగట్టమంటే కంప్యూటర్లు పాతికేళ్లపాటు చేతులెత్తేశాయి. చివరికి దారి చూపించింది మనం స్కూల్లో బట్టీపట్టి మర్చిపోయిన లాగరిథమ్!

బెండకాయలు తరిగేటప్పుడు ఎప్పుడైనా గమనించారా? కత్తికీ ముక్కకీ మధ్య సన్నటి తీగలా జిగురు సాగుతుంది. చెయ్యి ఇంకాస్త పైకెత్తితే తెగకుండా ఇంకాస్త సాగుతుంది. చివరికి పుటుక్కున తెగిందా... ఆ కొస రబ్బరుబ్యాండులా వెనక్కి ముడుచుకుంటుంది. నీళ్లు అలా చెయ్యవు. నూనె చెయ్యదు. అంత చిక్కగా ఉండే తేనె కూడా చెయ్యదు.

పూరీల పిండి సంగతీ అంతే. మైదా కలిపిన వెంటనే వత్తితే పూరీ మళ్లీ దగ్గరికి ముడుచుకుపోతుంది. అదే ఓ అరగంట మూతపెట్టి ఉంచితే? చెప్పినట్టు వింటుంది. 'పిండి నానాలి' అంటుంది అమ్మ. శాస్త్రవేత్తలు అదే మాటని ఇంకోలా చెబుతారు- పిండి తనమీద పడిన ఒత్తిడిని మర్చిపోవడానికి కొంత సమయం కావాలి అని.

అవును, మర్చిపోవడమే. ఎందుకంటే ఈ పదార్థాలకి జ్ఞాపకశక్తి ఉంది. సగం ద్రవంలా ప్రవహిస్తూ, సగం రబ్బరులా సాగి ముడుచుకునే వీటిని 'విస్కోఎలాస్టిక్' పదార్థాలంటారు. స్నిగ్ధత, స్థితిస్థాపకత రెండూ ఒకేచోట కాపురం చేస్తున్నాయన్నమాట.

జ్ఞాపకం ఎక్కడిది?

ద్రవం ఎంత వేగంగా జరిగితే దానిలో నిరోధం అంత పెరుగుతుందని న్యూటన్ 1687లోనే ఊహించాడు. నీళ్లు, తేనె లాంటివి ఈ సూత్రాన్ని బుద్ధిగా పాటిస్తాయి. ఈ క్షణంలో ఎంత వేగంగా కదులుతున్నాయన్నదే వాటికి ముఖ్యం. నిమిషం కిందట ఏం జరిగిందో వాటికి పట్టదు.

కానీ తెల్లసొనలోనూ, బెండకాయ జిగురులోనూ, కరిగిన ప్లాస్టిక్‌లోనూ పొడవాటి గొలుసుల్లాంటి అణువులుంటాయి. మామూలుగా అవి చిక్కుపడ్డ దారపు ఉండల్లా ముడుచుకుని ఉంటాయి. ప్రవాహం లాగితే సాగుతాయి. వదిలేస్తే మళ్లీ ఉండలవ్వాలని చూస్తాయి. అలా మామూలు స్థితికి రావడానికి పట్టే సమయం కొన్నిటికి సెకనులో వెయ్యోవంతు, కొన్నిటికి సెకన్లు, ఇంకొన్నిటికి గంటలు. ఈ 'సేదతీరే సమయం' అన్న ఆలోచనని 1867లో ప్రవేశపెట్టింది విద్యుదయస్కాంత సూత్రాలతో పేరుపొందిన జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్.

అంటే ఒక పదార్థం ఘనమా ద్రవమా అన్నది మనం ఎంతసేపు చూస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది! ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927లో మొదలుపెట్టిన ప్రయోగం ఒకటి ఇందుకు ప్రసిద్ధి. తారులాంటి 'పిచ్' అనే పదార్థాన్ని గరాటులో పోశారు. సుత్తితో కొడితే గాజులా పగిలే ఆ పదార్థం గరాటులోంచి మాత్రం చుక్కలుగా జారుతోంది. 2014 నాటికి పడింది తొమ్మిది చుక్కలే!

ఈ కాలం లెక్కకి 1964లో మార్కస్ రీనర్ అనే శాస్త్రవేత్త ఓ చిత్రమైన పేరు పెట్టాడు- 'దెబోరా సంఖ్య'. పర్వతాలు కూడా ప్రవహిస్తాయన్నట్టుగా పాడిన బైబిల్ స్త్రీ దెబోరా పేరు అది. దానికి చెల్లెలిలాంటిదే 'వైసెన్‌బర్గ్ సంఖ్య'. ద్రవం సేదతీరే సమయాన్ని ప్రవాహం దాన్ని లాగే వేగంతో గుణిస్తే వచ్చేది ఇదే. ఇది 1కన్నా బాగా తక్కువైతే ద్రవం నీళ్లలా నడుచుకుంటుంది. 1 దాటితే... జ్ఞాపకాలు ముసురుకుంటాయి. ఈ 1ని గుర్తుపెట్టుకోండి. మన కథంతా దీని చుట్టూనే.

కడ్డీ ఎక్కుతుంది, గొట్టం దాటి ఉబ్బుతుంది

గ్లాసులో నీళ్లు పోసి కడ్డీతో గిరగిరా తిప్పితే మధ్యలో గుంట పడుతుంది. అదే పాలిమర్ ద్రావణమైతే కడ్డీని పట్టుకుని పైకెక్కుతుంది! 1940లలో ఈ వింతని వివరించిన కార్ల్ వైసెన్‌బర్గ్ పేరుతోనే దీన్ని పిలుస్తారు. తిరుగుతున్న పోగులు కడ్డీ చుట్టూ బిగుసుకుని మధ్యకి నొక్కడంతో ద్రవం వేరే దారిలేక పైకి పాకుతుందన్నమాట.

ఇంకో వింత. ఇలాంటి పదార్థాన్ని సన్నటి రంధ్రంలోంచి తోస్తే బయటికొచ్చాక రంధ్రం కన్నా లావుగా ఉబ్బుతుంది. 1893లో కార్ల్ బారస్ ఈ ఉబ్బు గురించి రాశాడు. ఇరుకులోకి రాకముందు తాను లావుగా ఉన్న సంగతి ఆ పదార్థానికి గుర్తుంటుంది మరి! పైపు నుంచి కిటికీ ఫ్రేము దాకా ప్లాస్టిక్‌ని అచ్చులోంచి సాగదీసి చేసే ప్రతి ఫ్యాక్టరీకీ ఇది రోజువారీ తలనొప్పే. గుండ్రటి పైపైతే సరే, ఉబ్బినా గుండ్రంగానే ఉంటుంది. చతురస్రం కావాలంటే? అచ్చు చతురస్రంగా ఉంటే పక్కలు మూలలకన్నా ఎక్కువ ఉబ్బుతాయి. అంచేత అచ్చు పక్కల్ని ముందే లోపలికి వంచి చెక్కాలి. ఎంత వంచాలి? అదే ప్రశ్న.

మూడో వింత చమురు కంపెనీలకి లాభం తెచ్చిపెట్టింది. ద్రవంలో చిటికెడు పాలిమర్ కలిపితే గొట్టాల్లో సుడులవల్ల కలిగే నిరోధం బాగా తగ్గుతుందని 1948లో బి.ఎ.టామ్స్ ఒక సదస్సులో వెల్లడించాడు. దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున్న అలాస్కా చమురు పైపులైన్లో 1979 నుంచీ ఈ చిట్కా వాడుతున్నారు. పది లక్షల పాళ్ల చమురుకి కొద్ది పాళ్ల పాలిమర్ చాలు!

మన ఇళ్లకి మరీ దగ్గరి ఉదాహరణ కంటి శుక్లాల ఆపరేషన్. పాత కటకం తీసి కొత్తది అమర్చేటప్పుడు కంట్లోకి ఓ పారదర్శకమైన జెల్ ఎక్కిస్తారు. సన్నటి గొట్టంలోంచి తోసినప్పుడు సులువుగా జారాలి, లోపలికెళ్లాక చిక్కగా నిలబడి కంటిగదిని కూలిపోకుండా కాపాడాలి, కార్నియా లోపలి పొర మీద గీత పడనివ్వకూడదు. అందుకే డాక్టర్లు దాన్ని 'విస్కోఎలాస్టిక్' అనే పిలుస్తారు. మోకాలి కీలులో ఉండే ద్రవమూ ఈ జాతిదే. నెమ్మదిగా నడిస్తే కందెనలా పనిచేస్తుంది. ఒక్కసారి గెంతితే రబ్బరు మెత్తలా దెబ్బ కాస్తుంది.

గడులుగా కోసి... లెక్క కట్టి...

ఇలాంటి ద్రవం ఏ మలుపులో ఎలా ప్రవర్తిస్తుందో ముందే తెలిస్తే ఉక్కు అచ్చుల్ని పదేపదే చెక్కి పారేసే పని తప్పుతుంది. కొలవడానికి వీల్లేని కంటిలోపలి సంగతులూ తెలుస్తాయి. అందుకే కంప్యూటర్ని ఆశ్రయించారు.

పద్ధతి వాతావరణ సూచన లాంటిదే. ద్రవం ఉన్న చోటునంతా చిన్నచిన్న గడులుగా విడగొడతారు. ఒక్కో గడిలో ద్రవం ఎంత వేగంతో, ఏ పీడనంతో ఉందో రాసుకుని, క్షణం తర్వాత ఏమవుతుందో సమీకరణాలతో లెక్కిస్తారు. మళ్లీ మరో క్షణం. అలా వేల సార్లు.

నీళ్లకైతే ఒక్కో గడికి నాలుగు అంకెలు చాలు. మూడు దిక్కుల్లో వేగం, ఒక పీడనం. జ్ఞాపకమున్న ద్రవానికి అది చాలదు. లోపలి పోగులు ఏ దిక్కులో ఎంత సాగి ఉన్నాయో కూడా చెప్పాలి. అందుకు మరో ఆరు అంకెలు కావాలి. అంటే నాలుగు కాస్తా పదయ్యాయి. నిజమైన ప్లాస్టిక్‌లో పొట్టి పోగులూ పొడుగు పోగులూ కలిసి ఉంటాయి కాబట్టి సేదతీరే సమయాలు కూడా అనేకం. అలాంటివి ఐదు తీసుకుంటే గడికి ముప్ఫైనాలుగు అంకెలు. గడులేమో లక్షల్లో!

పోగుల సాగుడుకి సమీకరణం రాయడమూ తేలిక కాలేదు. ద్రవం కదులుతూ, తిరుగుతూ, సాగుతూ ఉంటే ఏ కొలబద్దతో కొలవాలి? కొలబద్ద కూడా ద్రవంతోపాటే కదులుతూ సాగాలని 1950లో బ్రిటన్‌కి చెందిన జేమ్స్ ఓల్డ్‌రాయిడ్ తేల్చాడు. ఆయన పేరుతో ఉన్న 'ఓల్డ్‌రాయిడ్-బి' నమూనాని ఇప్పటికీ పరిశోధకులు మొదటి పరీక్షగా వాడతారు. అందులో ఒక్కో పోగునీ రెండు పూసల మధ్య బిగించిన స్ప్రింగులా ఊహించుకుంటారు.

ఒకటి దగ్గర ఆగిపోయిన బండి

1970లలో ఈ సమీకరణాల్ని కంప్యూటర్లకి అప్పగించారు. వెడల్పు గొట్టం ఒక్కసారిగా నాలుగోవంతుకి ఇరుకయ్యే చోట ద్రవం ఎలా నడుస్తుందన్నది అందరూ ప్రయత్నించే లెక్క. వేగం తక్కువగా ఉన్నంతసేపూ చక్కగా జవాబు వచ్చేది. వేగం పెంచుతూ వైసెన్‌బర్గ్ సంఖ్య 1 దగ్గరికి వచ్చేసరికి... అంకెలు పిచ్చెక్కినట్టు పెరిగిపోయి లెక్క కుప్పకూలేది.

గడులు పెద్దవిగా ఉన్నాయేమోనని చిన్నవి చేసి చూశారు. ఆశ్చర్యం! చాలా సందర్భాల్లో బండి మరింత ముందే ఆగిపోయింది. మామూలుగా గడులు చిన్నవైతే లెక్క మెరుగవ్వాలి కదా. ఇక్కడ అంతా తలకిందులు.

ప్రయోగశాలలో మాత్రం ఇబ్బందేమీ లేదు. ఆస్ట్రేలియాలో డేవిడ్ బోగర్ 1977లో మొక్కజొన్న పాకంలో కాస్త పాలిమర్ కలిపి, స్నిగ్ధత మారకుండా రబ్బరుగుణం మాత్రం ఉండే ద్రవాన్ని తయారుచేశాడు. దాన్ని ఇరుకు గొట్టంలోకి ఎంత వేగంగా పంపినా నిక్షేపంగా వెళ్లింది. మూలల్లో పెద్దపెద్ద సుడులు ఏర్పడటం కళ్లారా కనిపించింది. కంప్యూటర్ మాత్రం ఆ వేగాల దరిదాపులకి కూడా రాలేకపోయింది.

మరి తప్పెవరిది? సమీకరణాలే తప్పా? అసలు ఆ వేగంలో వాటికి జవాబే లేదా? లేక లెక్క చేసే పద్ధతిలో లోపముందా? ఈ చిక్కుకి 'అధిక వైసెన్‌బర్గ్ సంఖ్య సమస్య' అని పేరుపెట్టి పాతికేళ్లపాటు తలలు పట్టుకున్నారు. దీనికోసమే సదస్సులు నడిచాయి. బెల్జియంలో మార్సెల్ క్రోషే, వేల్స్‌లో కెన్ వాల్టర్స్, అమెరికాలోని ఎంఐటీలో రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ బ్రౌన్... ఇలా ఎందరో దీనితో కుస్తీపట్టారు.

చికిత్సలు... చిట్కాలు...

కొంత ఉపశమనం దొరక్కపోలేదు. మొదటి చిట్కా, ఎగువకి చూడటం. ద్రవం తన జ్ఞాపకాన్ని మోసుకొచ్చేది ఎగువనుంచి. కాబట్టి ఒక గడిలో లెక్క చేసేటప్పుడు దిగువ గడికన్నా ఎగువ గడి మాటకే ఎక్కువ విలువివ్వాలి. 1987లో క్రోషే బృందం ఈ దారిలో వెళ్లి, సాగుడు లెక్కకి మాత్రం ఒక్కో గడినీ మళ్లీ పదహారు ముక్కలు చేసి అంతకుముందుకన్నా చాలా దూరం వెళ్లగలిగింది.

రెండోది తాసు చిట్కా. తక్కెడ మరీ ఊగుతుంటే రెండు పళ్లేల్లోనూ ఒకే బరువు వేస్తే? తూకం మారదు కానీ ఊపు తగ్గుతుంది. సమీకరణానికి రెండువైపులా ఒకే స్నిగ్ధతని కలిపే ఇలాంటి పద్ధతుల్ని 1990లో ఎంఐటీ బృందం, 1995లో గెనెట్, ఫోర్టిన్ అభివృద్ధి చేశారు. బండి కాస్త ముందుకు కదిలింది. కానీ అడ్డుగోడ అక్కడే ఉంది.

అదే సమయంలో కొందరు అసలు దారే మార్చారు. సాగుడుకి సమీకరణం ఎందుకు, పోగుల్నే కంప్యూటర్లో వదిలితే పోలా అనుకున్నారు. 1993లో లాసో, ఓటింగర్ వేలాది ఊహా స్ప్రింగుల్ని ప్రవాహంలో వదిలి, వాటిని పాచికలు వేసినట్టు యాదృచ్ఛికంగా కదిలిస్తూ, సగటు సాగుడుని లెక్కగట్టారు. పద్ధతి అందమైనదే. కాకపోతే కంప్యూటర్ సమయాన్ని విపరీతంగా మింగేస్తుంది.

జవాబు లాగరిథమ్!

అసలు గుట్టు 2004లో విడింది. జెరూసలెంలోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన రానన్ ఫత్తాల్, రాజ్ కుప్ఫర్‌మన్ రోగానికి మూలం ఎక్కడుందో పట్టుకున్నారు.

అడ్డంగా ఉన్న స్తంభానికి ద్రవం గుద్దుకునే చోటో, పదునైన మూల దగ్గరో పోగులు విపరీతంగా సాగుతాయి. ఆ సాగుడు పక్కపక్క గడుల్లోనే రెట్లకి రెట్లు పెరుగుతుంది. ఉదాహరణకి వరుసగా నాలుగు గడుల్లో 1, 10, 100, 1000 అనుకుందాం. రెండో గడి దగ్గర ఎంత ఏటవాలుగా పెరుగుతోందో చెప్పమంటే కంప్యూటర్ ఏం చేస్తుంది? ఎగువ గడిలోని 1ని పదిలోంచి తీసేస్తుంది. జవాబు 9. కానీ అలా పదిరెట్లుగా పెరిగే వక్రరేఖకి ఆ చోట నిజమైన వాలు దాదాపు 23!

తొమ్మిదెక్కడ, ఇరవైమూడెక్కడ? ఈ తేడాయే కొంప ముంచింది. ఒక తొట్టి ఊహించుకోండి. కొళాయిలోంచి నీళ్లు పడుతున్నాయి, కింద తూములోంచి పోతున్నాయి. రెండూ సమానమైతే తొట్టి పొంగదు. ఇక్కడ కొళాయి అంటే ప్రవాహం పోగుల్ని సాగదీయడం. తూము అంటే సాగిన పోగుల్ని ప్రవాహం దిగువకి మోసుకుపోవడం. వాలుని తక్కువగా లెక్కవేస్తే తూముని సగం మూసినట్టే. ఇక తొట్టి పొంగక ఏం చేస్తుంది? పొంగిన కొద్దీ కొళాయి ధార కూడా పెరుగుతుంది. క్షణాల్లో అంకెలు ఆకాశాన్నంటుతాయి. తప్పు ద్రవానిది కాదు, సమీకరణానిదీ కాదు. మన కూడికలు తీసివేతలది!

వైద్యం? సాగుడుని కాకుండా దాని లాగరిథమ్‌ని లెక్కించడం. 1, 10, 100, 1000 కాస్తా 0, 1, 2, 3 అయిపోతాయి. కొండలాంటి వాలు తిన్నటి మెట్లుగా మారింది. తీసివేస్తే 1, దాన్ని మళ్లీ మామూలు లెక్కలోకి మారిస్తే సరిగ్గా 23!

ఇంకో లాభమూ ఉంది. పోగు సాగుడుని కొలిచే అంకెలు పొడవుల వర్గాల సగటులు. వర్గం ఎప్పుడూ సున్నాకన్నా తక్కువ కాకూడదు. పాత లెక్కల్లో చిన్న పొరపాట్లు పోగుపడి ఒక్కోసారి ఇది సున్నా కిందకి దిగిపోయేది. ఆపైన లెక్కకి అర్థమే ఉండేది కాదు. లాగరిథమ్ ధనమైనా రుణమైనా వెనక్కి తిప్పితే వచ్చేది ఎప్పుడూ ధనాత్మకమే. ఆ ప్రమాదం పుట్టుకలోనే పోయింది.

స్కాట్లండ్‌కి చెందిన జాన్ నేపియర్ 1614లో పెద్దపెద్ద గుణకారాల బాధ తప్పించడానికి లాగరిథమ్‌ని లోకానికిచ్చాడు. 390 ఏళ్ల తర్వాత అదే కంప్యూటర్నీ ఆదుకుంది! అయితే ఆరు అంకెల పట్టికకి లాగరిథమ్ తీయడం, దానికి తగ్గట్టు సమీకరణాన్నంతా తిరగరాయడం చిన్న పనేం కాదు. ఆ తిరగరాతే వాళ్ల అసలు ఘనత. మరుసటి ఏడాదే హల్సెన్‌తో కలిసి దీన్ని వేరే రకం గడుల పద్ధతిలోనూ నడిపి చూపించారు. కొన్ని నమూనాల్లో 1 దగ్గరి గోడ కూలిపోయింది.

గోడ కూలింది... దారి మిగిలింది

అయితే కథ కంచికి వెళ్లలేదు. లెక్క కూలిపోకుండా నడవడం ఒకటి, జవాబు కచ్చితంగా ఉండటం ఇంకొకటి. ఓల్డ్‌రాయిడ్-బి నమూనాలో స్ప్రింగు ఎంతైనా సాగొచ్చు, తెగదు. నిజమైన పోగుకి ఓ హద్దు ఉంటుంది కదా. అందువల్ల స్తంభం వెనక సన్నటి తోకలాంటి చోట గడుల్ని ఎంత చిన్నవి చేసినా కొన్నిసార్లు జవాబు ఒకచోట నిలబడదు. సాగుడుకి హద్దు పెట్టే కొత్త నమూనాలు ఇందుకే వచ్చాయి.

పైగా ప్రకృతే కొన్నిచోట్ల అల్లకల్లోలమవుతుంది. నీళ్లలో సుడులు పుట్టాలంటే వేగం కావాలి. కానీ పాలిమర్ కలిపిన ద్రవం చాలా నెమ్మదిగా కదులుతూ కూడా సుడులు తిరుగుతుందని 2000లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు గ్రోయిస్మన్, స్టైన్‌బర్గ్ చూపించారు. తెరమీద అంకెలు ఊగిపోతుంటే అది ఇలాంటి నిజమైన అల్లకల్లోలమా, లెక్కలో తప్పా? ఈ తేడా తేల్చడానికే నమ్మకమైన పద్ధతి కావాలి. పాతికేళ్ల కుస్తీ విలువ అక్కడే ఉంది.

ఈ పద్ధతులు ఇప్పుడు పెద్ద పరిశోధనశాలలకే పరిమితం కాదు. 2004లోనే 'ఓపెన్‌ఫోమ్' అనే సాఫ్ట్‌వేర్‌ని అందరికీ ఉచితంగా వదిలారు. దానిమీద పోర్చుగల్‌లోని పోర్టో విశ్వవిద్యాలయంలో తయారైన 'రియోటూల్' కూడా ఉచితమే, అందులో లాగరిథమ్ పద్ధతీ ఉంది. మామూలు కంప్యూటర్, ఓపిక ఉన్న ఏ ఇంజినీరింగ్ విద్యార్థి అయినా ఇంట్లో కూర్చుని ప్రయత్నించవచ్చు.

అంత ఓపిక లేదంటారా? అయితే ఈ ఆదివారం ఆమ్లెట్ వేసేముందు ఓ పని చేయండి. తెల్లసొనని గాజుగిన్నెలోకి తీసి, చెంచాతో గిర్రున తిప్పి చటుక్కున చెంచా తీసేయండి. లోపలి గాలిబుడగల్ని జాగ్రత్తగా చూడండి. తిరిగి తిరిగి ఆగుతాయి... ఆగి, కొంచెం వెనక్కి తిరుగుతాయి! పక్కనే మరో గిన్నెలో తేనెతోనూ అలాగే చేసి చూడండి. అది ఆగుతుంది, అంతే.

ఆ రవ్వంత వెనకడుగే జ్ఞాపకం. పాతికేళ్లపాటు కంప్యూటర్లని ముప్పుతిప్పలు పెట్టింది అదే మరి!